మెరుపు ఫొటోకి ఏది ఎంచుకోవాలి: ఫోనా, కెమెరానా, ట్రిగ్గరా?

ఏప్రిల్ చివర్లో సాయంత్రం పూట మబ్బు కమ్మడం మొదలైతే చాలు, ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లంతా ఒకటే అడుగుతారు: మెరుపు తీయడానికి ఏ కెమెరా కొనాలి? నన్నడిగితే కెమెరా మూడో ప్రశ్న. ఏ మబ్బుని, ఎక్కడ నిలబడి తీస్తున్నారన్నది మొదటిది. ఏ పద్ధతిలో తీస్తున్నారన్నది రెండోది. ఈ రెండూ కుదిరితే పదేళ్ల నాటి సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకోగలిగే కెమెరా), దాంతోపాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్సు చాలు. కుదరకపోతే రెండు లక్షలు పోసి కొన్న బాడీలో (లెన్సు కాకుండా కెమెరా) కూడా తెల్లటి మసకే పడుతుంది. పోలిక కూడా ఆ వరసలోనే చేద్దాం.

ఏ మబ్బు?

నెత్తిమీదున్న మబ్బు ఫొటోకి పనికిరాదు. మెరుపు మబ్బు లోపలో, మీ వెనకో మెరుస్తుంది. ఫ్రేములో ఆకాశమంతా ఒక్కసారి తెల్లబడుతుంది తప్ప గీత కనబడదు. లెన్సు మీద చినుకులు సరేసరి. పైగా ప్రాణం మీదికి తెచ్చుకునే పని.

నాలుగైదు కిలోమీటర్ల దూరంలో పడే పిడుగు చూడటానికి అదిరిపోతుంది. అయితే అది ఎటు పడుతుందో తెలియదు, సగం సార్లు ఫ్రేము బయటే పడుతుంది. ఫ్రేములో పడినా చాలా ప్రకాశంగా ఉండి గీత మొత్తం తెల్లగా కాలిపోతుంది. ఆ దూరంలో ఉన్నప్పుడు మీరు ఇంట్లోనే ఉండాలి కూడా.

నా ఓటు 20 నుంచి 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న మబ్బుకి. మబ్బు అడుగు నుంచి నేల దాకా గీత మొత్తం కనబడుతుంది. కాలీఫ్లవర్ లాగా పైకి పొంగిన మబ్బు ఆకారం లోపలి వెలుగుతో తేలుతుంది. ఆ కాస్త దిక్కుకి కెమెరా పెట్టి వదిలేస్తే చాలు, మళ్లీమళ్లీ అక్కడే మెరుస్తుంది. ఇంత దూరంలో ఉరుము మామూలుగా చెవికి అందదు. నేను పెట్టుకున్న గుర్తు కూడా అదే: మెరుపు కనబడాలి, ఉరుము వినబడకూడదు.

దూరం కొలవడం తేలిక. ధ్వని కిలోమీటరు నడవడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు లెక్కపెట్టారంటే మబ్బు 10 కిలోమీటర్లలో ఉన్నట్టు. పిడుగు మబ్బు కింద నిట్టనిలువుగానే పడాలని లేదు, పక్కకి పది కిలోమీటర్లు దాటి వచ్చి పడగలదు. అందుకే 30 సెకన్ల లోపు ఉరుము వినబడితే లోపలికి వెళ్లాలని, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రాకూడదని చెబుతారు. మన దేశంలో పిడుగుపాటుకి పోయినవాళ్లు 2019 నుంచి 2022 దాకా ఏ ఏడాది చూసినా 2,800 మందికి పైనే. అందులో ఎక్కువమంది పొలాల్లో, చెట్ల కింద ఉన్నవాళ్లు. ఫొటో కోసం ఆ జాబితాలో చేరాల్సిన పనిలేదు.

మబ్బు ఎటుందో తెలుసుకోవడానికి మూడు దారులున్నాయి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టుపక్కల మెరుపులు పడుతున్న చోట్లు చూపిస్తుంది. ఆంధ్రలో విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో పిడుగు హెచ్చరికలు ఇస్తుంది. ఇవి ప్రాణరక్షణకి పెట్టినవి, వాటిని అలాగే వాడండి. ఫొటో ప్లాన్‌కి మాత్రం రాడార్ చిత్రాలు మేలు. హైదరాబాద్, విశాఖ, మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు ఉన్నాయి, చిత్రాలు ఎవరైనా చూసుకోవచ్చు. వరసగా వచ్చిన నాలుగైదు చిత్రాలు చూస్తే మబ్బు ఎటు కదులుతోందో తెలిసిపోతుంది. మీ వైపుకి వస్తుంటే మీకున్న టైము తక్కువ. దూరంగా పోతుంటే తాపీగా ట్రైపాడ్ వేసుకోవచ్చు. గాలివాన వెళ్లిపోయాక దాని వీపు తీసిన ఫొటోలే చాలాసార్లు శుభ్రంగా వస్తాయి, గాలిలో దుమ్ము కూడా కడిగేసి ఉంటుంది.

ఎక్కడి నుంచి?

డాబా, బాల్కనీ, కిటికీ, కారు. చాలామందికి ఉన్నవి ఈ నాలుగే.

డాబా మీద నాలుగు దిక్కులూ కనబడతాయి, అందుకే అందరికీ ఆశ. కానీ అక్కడ ఎత్తుగా నిలబడింది మీరూ, మీ అల్యూమినియం ట్రైపాడూ, నీళ్ల ట్యాంకూ. ఉరుము వినబడనంత వరకే డాబా. విశాఖలో కైలాసగిరి మీదికి వెళ్లి సముద్రం మీద మెరుపులు తీయాలని చాలామందికి ఉంటుంది. మబ్బు దూరంగా ఉంటే బాగానే ఉంటుంది, దగ్గరైతే కొండ కొమ్మున ఉండటం డాబా కంటే అధ్వానం. కిందికి దిగి ఆర్కే బీచ్‌లో ఖాళీ ఇసుక మీద నిలబడినా అంతే, చుట్టుపక్కల మీ కంటే ఎత్తైనది ఇంకేదీ ఉండదు. బీచ్ రోడ్డులో సముద్రం వైపు కిటికీ ఉన్న స్నేహితుడి ఫ్లాటు ఈ రెండింటికంటే మంచి చోటు. స్నేహం ముందే చేసుకోవాలి మరి.

బాల్కనీ మధ్యేమార్గం. గ్రిల్ ముట్టుకోకుండా, కెమెరా అంచున పెట్టి, మీరు గదిలో ఉండి బ్లూటూత్‌తో గానీ వైర్‌లెస్ రిమోట్‌తో గానీ నడపండి. కెమెరాని గోడ ప్లగ్గుకి చార్జింగ్ పెట్టి తీయకండి, పిడుగు కరెంటు తీగల వెంట కూడా వస్తుంది. నిండు చార్జి ఉన్న బ్యాటరీలు రెండు ఉంటే చాలు.

మూసిన కిటికీ అద్దం వెనక నుంచి తీయడం అన్నిటికంటే భద్రం, ఫొటో మాత్రం కొంచెం దెబ్బతింటుంది. గదిలో లైట్లన్నీ ఆర్పేసి, లెన్సుని అద్దానికి దాదాపు ఆనించి, చుట్టూ నల్లటి గుడ్డ కప్పితే ప్రతిబింబాలు పోతాయి. రౌటర్ దీపం కూడా అద్దంలో పడుతుంది, దాని మీద కూడా ఏదైనా కప్పండి.

కారుని మనవాళ్లు తక్కువగా వాడుకుంటారు. లోహపు టాప్ ఉన్న కారులో అద్దాలు ఎత్తేసి, లోహపు భాగాలు తాకకుండా కూర్చుంటే పిడుగు నుంచి మంచి రక్షణ. ట్రైపాడ్ పట్టదు కాబట్టి గుడ్డసంచిలో కిలో బియ్యం పోసి కుట్టి, డాష్‌బోర్డు మీద పెట్టి, అందులో కెమెరాని కూర్చోబెట్టండి. ఇంజను ఆపేయాలి, లేకపోతే ఆ వణుకు 15 సెకన్ల ఫొటోలో స్పష్టంగా తెలుస్తుంది. కోనసీమ, కృష్ణా డెల్టా లాంటి చదును నేలల్లో కొబ్బరితోటలు దాటి పొలాల్లోకి వెళ్తే దిగంతం దాకా అడ్డు ఉండదు. అక్కడ కారుకి మించిన స్టూడియో లేదు. బైకు మీద మాత్రం వద్దు.

పద్ధతుల్లో ఏది మేలు?

మెరుపు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఏ పద్ధతినైనా ఒకే కొలతతో తూచొచ్చు: మీరు తీస్తున్న సమయంలో షట్టర్, అంటే వెలుగుని లోపలికి వదిలే తలుపు, ఎంత శాతం తెరిచి ఉంది?

సెకనుకి 10 ఫొటోల బరస్ట్ (ఆపకుండా వరసగా తీయడం), ఒక్కో ఫొటోకి షట్టర్ 1/200 సెకను అనుకోండి. సెకనులో తెరిచి ఉన్నది 10/200, అంటే 5 శాతం. టపటపా వందల ఫ్రేములు పడుతున్నా మిగిలిన 95 శాతం సమయం కెమెరా గుడ్డిదే. మెరుపు ఒక్క క్షణంలో పోకుండా మినుకుమినుకుమంటుంది కాబట్టి అదృష్టం ఈ లెక్కకంటే కాస్త ఎక్కువే ఉంటుంది, అయినా మెమరీ కార్డు నిండటానికే ఇది బాగా పనికొస్తుంది. అదే 15 సెకన్ల ఎక్స్‌పోజర్లు (షట్టర్ అంతసేపు తెరిచి ఉంచిన ఫొటోలు) ఒకదాని వెంట ఒకటి, మధ్యలో అర సెకను ఖాళీతో తీశారనుకోండి, 95 శాతానికి పైగా సమయం షట్టర్ తెరిచే ఉంటుంది. ఇక్కడ గెలిచేది కెమెరా వేగం కాదు, దాని ఓపిక.

రాత్రి పూట అందుకే లాంగ్ ఎక్స్‌పోజర్‌కి పోటీ లేదు. ట్రైపాడ్, మాన్యువల్ మోడ్ (సెట్టింగులన్నీ మీరే పెట్టేది), కంటిన్యుయస్ డ్రైవ్ (ఆపకుండా తీస్తూ పోయేది), రిమోట్ బటన్ నొక్కి లాక్ చేయడం. కెమెరా దానంతటది తీసుకుంటూ పోతుంది, మీరు టీ తాగొచ్చు. ఒక్క సెట్టింగ్ మాత్రం తప్పకుండా ఆపేయాలి: లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్. అది ఆన్‌లో ఉంటే 15 సెకన్ల ఫొటో తర్వాత కెమెరా ఇంకో 15 సెకన్లు షట్టర్ మూసుకుని చీకటి ఫ్రేము తీసుకుంటుంది. అప్పుడు 95 శాతం కాస్తా 50 అయిపోతుంది. అసలు పిడుగు సరిగ్గా అప్పుడే పడుతుంది.

ఇందులో రెండు సర్దుబాట్లు వేర్వేరుగా పనిచేస్తాయని ఒకసారి పట్టుకుంటే మిగతాదంతా సులువు. పిడుగులో ఒక్కో దెబ్బ మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది. షట్టర్ 5 సెకన్లు తెరిచినా 30 సెకన్లు తెరిచినా ఆ గీత ప్రకాశం మారదు. కెమెరాలో దాన్ని మార్చేవి అపెర్చర్ (లెన్సు లోపలి రంధ్రం, ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది), ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ ఎంత స్పందించాలన్నది) మాత్రమే. వీధి దీపాలు, ఊరు, ఆకాశపు వెలుగు మాత్రం షట్టర్ సమయంతో పాటు పెరుగుతూ పోతాయి. అంటే పిడుగుని అపెర్చర్‌తో, ఊరిని షట్టర్‌తో సరిచేసుకోవాలి.

హైదరాబాద్‌లో పదో అంతస్తు బాల్కనీ నుంచి హైటెక్ సిటీ వైపు తీస్తున్నారనుకోండి. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, 15 సెకన్లతో మొదలుపెట్టండి. భవనాల లైట్లు మరీ తెల్లగా వచ్చి, మెరుపు సరిగ్గా ఉంటే అపెర్చర్ ముట్టుకోకండి, షట్టర్ 8 సెకన్లకి తగ్గించండి. భవనాలు బాగుండి మెరుపు సన్నగా, వెలిసిపోయినట్టు ఉంటే ఎఫ్ 5.6కి తెరిచి, షట్టర్ సగానికి దించండి. మెరుపు దగ్గరికొచ్చి గీత లావుగా, తెల్లగా కాలిపోతుంటే ఎఫ్ 11. అదే ఊరి బయట చీకట్లో దూరపు మబ్బైతే ఎఫ్ 4 లేదా 5.6 పెట్టి 30 సెకన్లు వదిలేయొచ్చు.

ఫోకస్ దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ఆటోఫోకస్ చీకట్లో వెతుక్కుంటూ ఉండిపోతుంది, లెన్సు మీది అనంతం గుర్తు కచ్చితంగా ఉండదు, కిట్ లెన్సుల మీద అసలు గుర్తే ఉండదు. దూరంగా సెల్ టవర్ మీద ఎర్ర దీపం వెతకండి. లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద, దాన్ని 10 రెట్లు పెద్దది చేసి చూస్తూ రింగ్ మెల్లగా తిప్పండి. బుడగలా ఉన్న ఎరుపు చిన్నదవుతూ అవుతూ ఒక చుక్క అవుతుంది, ఇంకా తిప్పితే మళ్లీ ఉబ్బుతుంది. చుక్క అయిన చోట ఆపి, రింగ్ మీద టేప్ అంటించేయండి. జూమ్ కదిపితే మళ్లీ మొదటికి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ (చేతి వణుకు సరిచేసేది) ఆపేయండి. ఫైల్ రా (సెన్సర్ చూసినదంతా ఉంచే రకం), వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ చుట్టుపక్కల పెడితే ఊరి లైట్ల పసుపు తగ్గి ఆకాశం నీలంగా ఉంటుంది.

ఇదే పద్ధతికి మెరుగైన రూపం లైవ్ కాంపోజిట్. ఒలింపస్, ఇప్పటి ఓఎం సిస్టమ్ కెమెరాల్లో ఉంటుంది, కొన్ని పానాసోనిక్‌లలో కూడా ఇలాంటిదే ఉంది. మొదటి ఫ్రేము తర్వాత కొత్తగా ప్రకాశించినదాన్ని మాత్రమే దాని మీద చేరుస్తూ పోతుంది. వీధి దీపం ఎంతసేపున్నా అలాగే ఉంటుంది, మెరుపులు ఒక్కొక్కటే స్క్రీన్ మీద చేరుతుంటాయి, చాలనిపించినప్పుడు ఆపొచ్చు. ఊరి మధ్యలో ఉండేవాళ్లకి ఇంతకంటే సుఖమైన పద్ధతి లేదు. దీనికోసం కంపెనీ మారమని చెప్పను. సెకండ్ హ్యాండ్‌లో ఎలాగూ ఏదో ఒకటి కొనబోతుంటే మాత్రం పాత ఒలింపస్ ఈ-ఎం10 కూడా చూడండి, 2014లో వచ్చిన మొదటి మోడల్‌లోనే ఇది ఉంది.

పగలు కథ వేరు. మబ్బు పట్టిన మధ్యాహ్నం ఐఎస్ఓ 100, ఎఫ్ 11 దగ్గర షట్టర్ 1/15 సెకను దాకా దిగొచ్చు, అంతకంటే ఎక్కువసేపు తెరిస్తే ఫొటో తెల్లబడుతుంది. లెన్సు ముందు ఎన్‌డీ 8 ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లద్దం) పెడితే 1/2 సెకను దొరుకుతుంది, షట్టర్ తెరిచి ఉండే శాతం బాగానే పెరుగుతుంది. చిక్కేమిటంటే ఆ ఫిల్టర్ మెరుపుని కూడా 8 రెట్లు మసకబారుస్తుంది. బలమైన పిడుగులు నిలబడతాయి, సన్నవి మబ్బులో కలిసిపోతాయి. అందుకే పగలు తీయాలని పట్టుదల లేకపోతే పొద్దుగూకే దాకా ఆగండి. సూర్యాస్తమయం తర్వాత అరగంట పాటు ఆకాశంలో నీలం ఉంటుంది, 2 నుంచి 4 సెకన్ల షట్టర్ దొరుకుతుంది, నేల కూడా కనబడుతుంది. వేసవి మబ్బులు మన దగ్గర ఎలాగూ సాయంత్రానికే పెరుగుతాయి.

ట్రిగ్గర్ మీద డబ్బు పెట్టొచ్చా?

మయాప్స్, ప్లూటో లాంటి ట్రిగ్గర్లు మెరుపు వెలుగు సెన్సర్‌కి తగలగానే షట్టర్ నొక్కుతాయి. ఖరీదైనవి ఇక్కడికి చేరేసరికి వేలల్లో అవుతాయి. వినడానికి అద్భుతంగా ఉంటుంది. కానీ మెరుపు వచ్చాకే అది చూస్తుంది, చూశాక కెమెరా అద్దం లేచి షట్టర్ తెరుచుకునే సరికి సెకనులో పదో వంతు దాకా పోవచ్చు. మరి ఎలా పనిచేస్తుంది? ఒక పిడుగులో సాధారణంగా మూడు నాలుగు దెబ్బలు ఒకే దారిలో వరసగా వస్తాయి, మధ్యలో కొన్ని పదుల మిల్లీసెకన్ల ఎడం. మొదటిది తప్పిపోయినా తర్వాతివి దొరుకుతాయి. ఒక్క దెబ్బతో ముగిసే పిడుగులు మాత్రం చేజారతాయి.

ట్రిగ్గర్ అమ్మేవాళ్లు పెద్దగా చెప్పని సంగతి ఇంకొకటుంది. చెట్టు వేళ్లలా చీలే కొమ్మలు ప్రధానంగా మొదటి దెబ్బలోనే వెలుగుతాయి. తర్వాతి దెబ్బలు అప్పటికే ఏర్పడిన ప్రధాన దారిలో దిగిపోతాయి. అందుకే ట్రిగ్గర్‌తో వచ్చిన ఫొటోల్లో చాలాసార్లు కొమ్మల్లేని మోడు గీత ఉంటుంది. లాంగ్ ఎక్స్‌పోజర్‌లో షట్టర్ ముందే తెరిచి ఉంటుంది కాబట్టి కొమ్మలన్నీ పడతాయి. రాత్రి తీసేవాళ్లకి ట్రిగ్గర్ దండగ. పగటి మెరుపులే కావాలి, గంటలకొద్దీ తీస్తాను, వేల ఫ్రేములు చూసుకునే ఓపిక లేదనేవాళ్లకి పనికొస్తుంది. అప్పుడైనా ముందు ఒక వారాంతం అద్దెకి దొరుకుతుందేమో చూడండి.

పగటికి ఇప్పుడు ట్రిగ్గర్ కంటే మంచి దారి ప్రీ-క్యాప్చర్. సగం నొక్కి పట్టుకుంటే కెమెరా అర సెకనో, సెకనో ముందటి ఫ్రేముల్ని గుర్తుపెట్టుకుంటూ ఉంటుంది, మెరుపు చూశాక పూర్తిగా నొక్కితే అవి కార్డులోకి వస్తాయి. 2016లో వచ్చిన ఒలింపస్ ఈ-ఎం1 మార్క్ 2లో ఉంది, కెనాన్ ఆర్7లో ఉంది, నికాన్ జడ్9లో ఉంది. రెండు జాగ్రత్తలు. షట్టర్ 1/1000 పెడితే పైన చెప్పిన శాతం లెక్క ఇక్కడా దెబ్బకొడుతుంది. సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంటే షట్టర్‌ని కూడా కెమెరా ఒప్పుకున్నంత మేర 1/30కి దగ్గరగా పెట్టండి, అప్పుడే ఖాళీ తగ్గుతుంది. రెండోది, ఇది ఎలక్ట్రానిక్ షట్టర్‌తో (కదిలే తలుపు లేకుండా సెన్సరే చదివేది) నడుస్తుంది. చాలా సెన్సర్లు వరసల వారీగా చదువుతాయి కాబట్టి మెరుపు మధ్యలో వస్తే ఫ్రేములో సగం వెలిగి సగం చీకటిగా, అడ్డంగా పట్టీ పడుతుంది. సోనీ ఏ9 మూడో మోడల్‌కి గ్లోబల్ షట్టర్ (సెన్సర్ అంతా ఒకేసారి చదివేది) కాబట్టి ఈ బాధ లేదు. మెరుపుల కోసం అంత డబ్బు పెట్టేవాళ్లకి ఈ వ్యాసంతో పని ఉండదనుకోండి.

ఫోనే ఉంటే?

ఫోన్‌ని తీసిపారేయొద్దు, దాని పరిమితి తెలుసుకుని వాడితే చాలు. ఫోన్ లెన్సు అపెర్చర్ సాధారణంగా ఎఫ్ 1.8 దగ్గర స్థిరంగా ఉంటుంది, మూయడం కుదరదు. ఎఫ్ 8తో పోలిస్తే సుమారు 20 రెట్లు వెలుగు లోపలికి వస్తుంది. అందుకే యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని ప్రో మోడ్‌లో 30 సెకన్లు పెడితే ఊళ్లో ఫొటో తెల్ల కాగితం అవుతుంది. ఉన్నంతలో అతి తక్కువ ఐఎస్ఓ, 1 నుంచి 4 సెకన్లు, దూరపు మబ్బు. ఫోకస్ మాన్యువల్‌లో, దూరాన్ని సూచించే కొండ గుర్తు వైపు జరపండి. ఫోన్ పట్టే చిన్న ట్రైపాడ్, 3 సెకన్ల టైమర్ ఉండాలి. ఐఫోన్‌లో నైట్ మోడ్ కదలకుండా పెడితే 30 సెకన్ల దాకా వెళ్తుంది, కాకపోతే అది చిన్న ఫ్రేముల్ని కలిపి వండుతుంది. మెరుపుని ఎంత ఉంచుతుందో దాని ఇష్టం.

ఫోన్‌తో నేను ముందు చెప్పేది వీడియోనే. 4కే పెట్టి, ఎక్స్‌పోజర్ లాక్ చేసి కాస్త తగ్గించి, వదిలేయండి. రాత్రి పూట ఒక్కో ఫ్రేము సమయమంతా షట్టర్ దాదాపు తెరిచే ఉంటుంది కాబట్టి ఏ మెరుపూ తప్పించుకోదు. తర్వాత ఒక్కో ఫ్రేమూ జరుపుతూ మంచిదాన్ని ఫొటోగా తీసుకోవచ్చు. వచ్చేది 8 మెగాపిక్సెళ్ల బొమ్మ. వాట్సాప్ స్టేటస్‌కి, ఇన్‌స్టాకి ధారాళం, 8×12 అంగుళాల ప్రింటుకి కూడా సరిపోతుంది. ఎక్స్‌పోజర్ లాక్ మరిచిపోతే మాత్రం ప్రతి మెరుపుకీ ఫోన్ కంగారుపడి వెలుగు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఫోన్ తప్ప ఏమీ లేనివాళ్లు ఈ సీజన్ వీడియోతో గడిపేసి, ఆసక్తి నిలబడితేనే కెమెరా వైపు చూడండి. కెమెరా కొనాలనుకుంటే పాత డీఎస్ఎల్ఆర్‌కి, కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాకి రాత్రి మెరుపుల్లో పెద్ద తేడా కనబడదు. ఐఎస్ఓ 100లో ఏ సెన్సరైనా శుభ్రంగానే తీస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ చూసుకోవడం సులువు, బ్యాటరీ తొందరగా దిగుతుంది. పిట్టలూ పిల్లలూ కూడా తీస్తారంటే మిర్రర్‌లెస్, లేదంటే సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ కొని మిగిలిన డబ్బు ట్రైపాడ్ మీద పెట్టండి. గాలివాన ముందు వచ్చే ఈదురుగాలికి ఆన్‌లైన్‌లో 800 రూపాయలకి దొరికే ట్రైపాడ్ ఊగిపోతుంది, 15 సెకన్ల ఫొటోలో భవనాలన్నీ రెండేసి కనబడతాయి. బరువైనది కొనండి, మధ్య కడ్డీ పైకి లేపకండి.

బాడీ ఎంచుకునేటప్పుడు రిమోట్ సాకెట్ ఉందో లేదో పక్కకి తిప్పి చూడండి. కెనాన్ 1500డీకి ఉంది, తీగ రిమోట్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. నికాన్ డీ3500కి లేదు, ఫోన్ యాప్ మీద ఆధారపడాలి. నికాన్ వైపు వెళ్లేవాళ్లకి అందుకే డీ5600 నయం. లెన్సు ఏదీ కొత్తగా కొనక్కర్లేదు. సముద్రం మీద దూరంగా మెరుస్తుంటే 50 ఎంఎం దాకా జూమ్ చేయాలి, దగ్గరగా ఆకాశమంతా మెరుస్తుంటే 18. రెండూ కిట్ లెన్సులోనే ఉన్నాయి. ఏసీ గదిలోంచి నేరుగా ఉక్కపోతలోకి కెమెరా తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది, విశాఖ, కాకినాడ వాళ్లకి ఇది బాగా అనుభవం. బ్యాగు మూసే ఉంచి అరగంట ముందు బయట పెట్టండి.

రాత్రి అయ్యేసరికి 300 ఫ్రేములుంటే పది పన్నెండింటిలో మెరుపు ఉండొచ్చు. ట్రైపాడ్ కదలకపోతే వాటిని ఫొటోషాప్‌లో లేయర్లుగా పేర్చి లైటెన్ మోడ్ (ప్రతిచోటా ఎక్కువ ప్రకాశంగా ఉన్నదాన్నే ఉంచేది) పెడితే మెరుపులన్నీ ఒకే ఆకాశంలోకి వస్తాయి. ఉచితంగా కావాలంటే గింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో కూడా అవుతుంది. నాకు ఒక్క మెరుపున్న ఒక్క ఫ్రేమే ఇష్టం, కానీ గంటసేపు సాగిన గాలివానని ఒకే బొమ్మలో చూపించాలంటే పేర్చడంలో తప్పులేదు. పోస్టు చేసేటప్పుడు ఎన్ని ఫ్రేములు కలిపారో, ఎంతసేపట్లో తీశారో కింద రాసేయండి. లేకపోతే చూసేవాళ్లు ఒకేసారి అన్ని పిడుగులు పడ్డాయనుకుని, మర్నాటికి అది ఏదో ఊళ్లో ప్రళయమని వాట్సాప్‌లో తిరుగుతుంది.